మగవాడికి కుడిచెయ్యి

1968 ఫిబ్రవరి 4, ఆదివారం

చెప్పేశాను. భోజనాల దగ్గర, షావుకారు అన్నంలో చారు పోసుకుంటూండగా చెప్పాను. "మార్చి ఒకటి నుంచి విజయనగరంలోనే ఉంటాను. మా కాలేజీ హాస్టలుకి నన్ను వార్డెనుగా వేశారు, గది కూడా ఇస్తారు. ఈ చీపురుపల్లి నుంచి రోజూ పాసింజరు పట్టుకుని తిరగడం ఇంక నా వల్ల కాదు" అన్నాను.

షావుకారు తలెత్తలేదు. (మొగుణ్ణి డైరీలో షావుకారని రాయడం ఎప్పుడు మొదలెట్టానో గుర్తులేదు. నగరేశ్వరరావు అని రాస్తే ఎవరో పెద్దమనిషి గురించి రాస్తున్నట్టుంటుంది.) అప్పడం విరుచుకున్నాడు. "అక్కా, వంకాయ కూర ఇంకాస్త ఉందేటి?" అన్నాడు. ఇరవయ్యేళ్ళ కాపరానికి ఇదీ జవాబు.

గంట తిరక్కుండా కొట్లోంచి ఇద్దరు కలాసీలు చంకల కింద చేతులు వేసి మోసుకొచ్చారు. గోగునార బేళ్ళ మధ్య నిలబడ్డవాడు నిలబడ్డట్టే కూలబడ్డాడట. "వీపు సీలిపోతన్నాది పార్వతీ, గుడ్డ సింపినట్టు ఎవడో సింపేస్తన్నాడు" అని అరుపు. ఒళ్ళంతా చెమట.

నాకు జాలి వెయ్యలేదు. ఎందుకు వేస్తుంది? వేసవి శిక్షణకని వాల్తేరు వెళ్తే కళ్ళు తిరిగాయని టెలిగ్రాం ఇచ్చి రప్పించాడు. అమ్మ దగ్గర నెల్లాళ్ళుందామని పాతపట్నం వెళ్తే గుండె దడ. నేను బండెక్కితే చాలు, ఈ మనిషి ఒంట్లో ఏదో ఒకటి కదులుతుంది. ఈసారి వీపు. పైగా ఉపమానం ఒకటి, గుడ్డ చింపినట్టట. మనది గుడ్డల కొట్టు కూడా కాదు.

ఆ కేకలు వింటూనే ఆడపిల్లల జువాలజీ రికార్డులు దిద్దాను. సగం మంది కప్ప గుండెకి కుడి ఎడమలు మార్చేశారు.

ఫిబ్రవరి 5, సోమవారం

ఇవాళ వదినగారి వైద్యం.

షావుకారు అక్క, విధవై ఈ ఇంట్లోనే ఉంటున్న కన్యాకుమారి వదిన, ఎదురుకాళ్ళతో పుట్టింది. అలా పుట్టినవాళ్ళు కాలితో తన్నితే పట్టు విడుస్తుందని ఈ ఊరి నమ్మకం. విధవ ఎదురొస్తే ఇంట్లోకి తిరిగెళ్ళి మంచినీళ్ళు తాగి బయల్దేరే ఈ షావుకార్లే, నడుం పట్టేసిందంటే తెల్లారకుండా వచ్చి ఆవిడ కాళ్ళ ముందు బోర్లా పడుకుంటారు. ఆవిడ కూడా ఏమీ ఎరగనట్టు చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టి తన్నుతుంది. ఆ తన్నుల్లో ఎంత పాత బాకీ తీరుతుందో నాకు తెలుసు.

తమ్ముణ్ణి చాప మీద బోర్లా వేసి రెండు రెక్కల మధ్య మడమతో తన్నింది. వాడు పెట్టిన గావుకేకకి పక్కింటి కుక్క మొరిగింది. నాకు నవ్వాగలేదు.

"ఏటే, మొగుడు మెలికలు తిరిగిపోతంటే నవ్వొస్తందేటి నీకు?"

"తన్నింది మీరు కదా వదినా!"

"నాను తన్నింది పట్టు ఇడవడానికి. నిన్న కంచం ముందర నువ్వు మాటతో తన్నేవు సూడు, దానికి ఏ కాలూ పనికిరాదు."

బాగానే అంది. చదువుకోని మనుషులకి ఈ ఒక్క విద్య మాత్రం దేవుడు దిట్టంగా ఇచ్చాడు.

పట్టు విడవలేదు.

ఫిబ్రవరి 6, మంగళవారం

గణపతిరావుగారు వచ్చారు. ఈ ఊరికి ఆయనే డాక్టరు. కుర్చీ కుడిపక్కకి లాగించుకుని, షావుకారు కుడిచెయ్యి పట్టుకుని కళ్ళు మూసుకున్నారు. అది పరీక్షో కునుకో తెలియదు.

"నాడి గుర్రంలా ఉందమ్మా. గ్యాసు పైకి తన్నింది. వాము నీళ్ళు పట్టండి, ఈ మిక్స్చరు వెయ్యండి."

"గ్యాసుకి ఇంత చెమట పడుతుందా?"

"మీరు కప్పల డాక్టరు, నేను మనుషుల డాక్టర్ని" అని తన మాటకి తనే నవ్వుకున్నారు.

నేనూ నవ్వాను. గొడవెందుకు? ఆయన లెక్కలో గ్యాసు, నా లెక్కలో నాటకం. మంచమ్మీద ఏమీ లేదనే విషయంలో ఇద్దరం ఒకటే.

కాలేజీకి వెళ్ళాను. ఇవాళ రక్తప్రసరణ పాఠం. "బృహద్ధమని జాగ్రత్త. గుండెలోంచి వచ్చే ఈ పెద్ద నాళం తెగిందంటే బల్లంతా ఎరుపే. ఆ కప్ప ఇంక మీకు పనికిరాదు" అని చెప్పాను. పిల్లలు శ్రద్ధగా విన్నారు.

ఫిబ్రవరి 7, బుధవారం

మూలుగు ఆగలేదు. అయినా ఇడ్లీ తిన్నాడు. నాటకానికీ ఆకలి ఉంటుంది కాబోలు.

ఫిబ్రవరి 8, గురువారం. విజయనగరం.

పొద్దున్న పెరట్లోకి వెళ్ళబోయి స్పృహ తప్పాడు. కొట్లో గుమస్తా సూరయ్య టాక్సీ తెచ్చాడు. ఇక్కడ పేరున్న నర్సింగ్ హోములో చేర్చాం. ఆ డాక్టరు పేరు రాయను. బోర్డు మీద ఆయన పేరుకన్నా ఇంగ్లండు డిగ్రీలు పొడుగు.

గుండెకి వైర్లు పెట్టి కాగితం మీద గీతలు తీశారు. గీతల్లో ఏమీ లేదు. "గుండెపోటని చెప్పలేం, కాదనీ చెప్పలేం. ఎందుకైనా మంచిది, సాయంత్రం నుంచి రక్తం గడ్డకట్టకుండా సూదులు మొదలెడతాను" అన్నాడు. ఇంగ్లండు వెళ్ళి నేర్చుకున్నది 'ఎందుకైనా మంచిది' అన్న ముక్క.

మంచానికి కుడివైపు కుర్చీ వదినగారిది. తమ్ముడి చెయ్యి పట్టుకుని నాలుగు రోజులుగా ఆవిడ వదలడం లేదు. నాకు ఎడమవైపు స్టూలు దొరికింది.

నిజం రాస్తాను. చెయ్యి పట్టుకున్నది ప్రేమతో కాదు. దొంగని పట్టుకుందామని. నిజంగా నొప్పి పుట్టినవాడికి మూలిగినప్పుడల్లా నాడి మారాలి. నటించేవాడికి మారదు. ఇది నా ప్రయోగం. ఎడమ మణికట్టు మీద మూడు వేళ్ళు పెట్టాను.

నాడి లేదు.

వేళ్ళు సరిగ్గా పెట్టలేదనుకున్నాను. జరిపాను. లేదు. నా చెయ్యి నేను చూసుకున్నాను, టకటకమంటోంది. ఇటు తిరిగి వదిన మణికట్టు పట్టుకున్నాను.

"ఒసే, రోగం వాడికా నాకా?"

ఆవిడకీ ఉంది. లేనిది ఈ మనిషి ఎడమచేతిలోనే. ముట్టుకుంటే చల్లగా ఉంది.

వెళ్ళి చెప్పాను. డాక్టరు విసుక్కున్నాడు. "మగవాళ్ళకి కుడిచెయ్యే చూస్తామమ్మా. ఆడవాళ్ళకి ఎడమ. మీ అత్తగారు చెప్పలేదూ?"

"ఇది మీ ఇంగ్లండు పుస్తకాల్లో ఉందా, పెళ్ళిచూపుల పంచాంగంలో ఉందా?"

మొహం కందగడ్డ చేసుకుని వచ్చాడు. కుడి రెక్కకి పట్టీ కట్టి రక్తం ఒత్తిడి చూశాడు. రెండొందలు దాటింది. ఎడమ రెక్కకి కట్టాడు. గాలి కొట్టాడు, వదిలాడు, మళ్ళీ కొట్టాడు. స్టెతస్కోపు చెవుల్లోంచి తీసి తుడుచుకున్నాడు. ఏ చప్పుడూ లేదు. మెషీను పాడైందన్నాడు. ఇంకో మెషీను తెప్పించాడు. అదీ పాడైందట.

"ఒక చేతిలో రక్తం పారక్కపోయినా ఈ సూది వెయ్యొచ్చని రాసి సంతకం పెట్టండి" అన్నాను.

సంతకం పెట్టలేదు. సూదీ వెయ్యలేదు. విశాఖ పెద్దాసుపత్రికి తీసుకెళ్ళిపొమ్మన్నాడు. ఆయనకి రోగి ప్రాణం కన్నా తన సంతకం ఖరీదెక్కువ అని అప్పుడు అర్థమైంది. పోనీ, మంచికే.

నాలుగు రోజులు. వదిన కుడిచెయ్యి పట్టుకుంది. గణపతిరావు కుడిచెయ్యి పట్టుకున్నాడు. ఇక్కడివాడూ అంతే. ఎంత మూఢులు!

నేను ఏ చెయ్యీ పట్టుకోలేదు.

ఫిబ్రవరి 9, శుక్రవారం. విశాఖ.

డాక్టరు జగన్నాధం. నలభై ఉండవు. గొంతు పైకి లేవదు. రెండు చేతులూ, రెండు కాళ్ళూ, మెడా ముట్టుకుని చూశాడు. వీపు మీద చెవి ఆనించాడు. ఇన్ని రోజుల్లో మనిషిని మనిషిలా పరీక్ష చేసినవాణ్ణి ఇప్పుడే చూశాను.

"వీపు మీద ఈ కమిలిన మచ్చేమిటి?"

వదిన తల వంచుకుంది. "వంశపారంపర్య వైద్యం" అన్నాను.

ఛాతీ ఎక్స్‌రే వెలుతుర్లో పెట్టి చూపించాడు. బృహద్ధమని నీడ ఉండవలసినదానికన్నా లావుగా, ఉబ్బిన వాగులా ఉంది.

"ఈ నాళం గోడకి పొరలుంటాయి. లోపలి పొర చిరిగింది. కోటు అస్తరు చిరిగితే చెయ్యి కోటు చేతిలోకి పోక అస్తరులోకి దూరుతుందే, అలాగ రక్తం పొరల మధ్యకి దూరి దారి చేసుకుంది. ఎడమచేతికి వెళ్ళే కొమ్మ మూసుకుపోయింది. పై పొర కూడా చిరిగితే నిమిషాలే. ఆ పల్చన చేసే సూది వేసివుంటే మీరు ఇంతదూరం రానక్కరలేకపోయేది."

"మరయితే కుట్టీండి బాబూ" అంది వదిన, అదేదో దర్జీ కొట్టన్నట్టు.

"కుట్టేవాళ్ళు దేశంలో ఎక్కడో ఒకరిద్దరున్నారు. దారిలోనే పోతారు. ఇంకో పద్ధతుంది, అమెరికాలో మూడేళ్ళుగా చేస్తున్నారు. రక్తం ఒత్తిడి బాగా దించి, అలాగే ఉంచాలి. ఆ చిరుగు గుండె పక్కన కాకుండా కిందకి ఉంది కనక ఇది పనిచెయ్యొచ్చు. మందు మన సర్పగంధి వేరులోంచి తీసిందే."

"అది ఎర్రెత్తినోళ్ళకి కదా ఇస్తారు? మా తాత ఇచ్చేవోడు."

"అవునమ్మా. మనసునీ దించుతుంది. కదలకూడదు, కోపం రాకూడదు, భయం రాకూడదు. పాదరసం పైకెక్కిందంటే చిరుగు పాకుతుంది."

గుడ్డ చింపినట్టుంది అన్నాడు షావుకారు. మొదటి రోజే. మంచి ఉపమానం కాదని నేను మార్కులు తగ్గించాను.

ఫిబ్రవరి 12, సోమవారం

కాలేజీకి సెలవు పెట్టాను. పగలంతా మంచం పక్కనే కూచుంటున్నాను. ఉప్పులేని గంజి. మందుకి ముక్కులు బిగిసిపోయి నోటితో ఊపిరి తీస్తున్నాడు. చూడ్డానికి బాగుండదు. అయినా కూచుంటున్నాను. చుట్టాలొచ్చి వరండాలో నా గురించి చెప్పుకుంటున్నారు, "ఆవిడ నాడి పట్టకపోతే ఈపాటికి..." అని. వినిపించనట్టు ఉంటాను. వినిపిస్తుంది.

నొప్పి తగ్గింది. ఒత్తిడి మాత్రం డాక్టరు కోరిన చోటికి దిగడం లేదట.

ఫిబ్రవరి 14, బుధవారం

జగన్నాధం వరండాలోకి పిలిచాడు. కళ్ళద్దాలు తీశాడు, పెట్టుకున్నాడు. సంగతి మంచిది కాదని అప్పుడే తెలిసింది.

"అమ్మా, మీరు జువాలజీ మనిషి. చెబితే అర్థం చేసుకుంటారు. మీ వదినగారు పక్కనున్నప్పుడు చూస్తే పాదరసం కిందనే ఉంటోంది. నిన్న మీ గుమస్తా వచ్చి గోగునార ధర పడిపోయిందని ఏడ్చాడు. నాకు భయమేసి చూశాను. అప్పుడూ కిందనే ఉంది. మీరు గదిలో ఉంటే..."

"పెరుగుతోందా?"

"ముప్ఫై దాకా."

"ఏ చేతికి చూశారు?"

నవ్వలేదు. నేనూ నవ్వించడానికి అనలేదు.

"కొన్నాళ్ళు బయటే ఉండండి. ప్రాణం కాపాడింది మీరే, నాకు తెలుసు" అన్నాడు. ఎంత మర్యాద! గుమ్మం బయటికి నెట్టేవాళ్ళు ముందు దండం పెడతారు.

ఫిబ్రవరి 15, గురువారం

మెషీను తప్పు.

ఫిబ్రవరి 16, శుక్రవారం

మెషీను తప్పు కాదు. ఈ ఆసుపత్రివి పాడైన మెషీన్లు కావు.

ఇవాళ తలుపు పక్క తెర వెనక నిలబడ్డాను. దొంగతనంగా. కట్టుకున్నవాడి మాటలు వినడానికి.

"అక్కా, నువ్వా రోజు తన్నిన తన్నుకి నాకు మన నాన్న కనిపించేడే."

"ఏటన్నాడేటి?"

"ఇంకోటి తన్నమన్నాడు. నీ పెళ్ళికి నానేడిపించినదానికి."

"ఒరే సచ్చినోడా, నవ్వించకు, డాకటేరు తిడతాడు."

ఆ గొంతు నాకు తెలియదు. చిన్నగా, చిలిపిగా ఉంది. ఇరవయ్యేళ్ళలో ఆ మనిషి నా ముందు ఒక్క హాస్యం ఆడలేదు. ఆడితే అర్థం చేసుకోలేనంత మొద్దునేమీ కాదు. ఆడలేదు కనక ఆడడం రాదనుకున్నాను. షావుకార్లకి హాస్యమేమిటి, తూకమే కదా అనుకున్నాను.

నా చెప్పు చప్పుడైంది. లోపల ఇద్దరూ ఆగిపోయారు. నేను క్లాసులోకి వెళ్ళేముందు పిల్లల గోల కూడా ఇలాగే ఆగిపోతుంది.

ఫిబ్రవరి 18, ఆదివారం

ఆలోచించి ఒక నిర్ణయానికి వచ్చాను. నేను వెళ్ళిపోతానన్న బెంగే ఆ పాదరసాన్ని ఎక్కిస్తోంది. నన్ను చూస్తే అదే గుర్తొస్తోంది. ఆ బెంగ తీసేస్తే సరి. ఇంతకన్నా తేలికైన లెక్క లేదు. డాక్టరు కూడా సరే, ఒకసారి చెప్పి చూడమన్నాడు. సిస్టరు రెక్కకి పట్టీ కట్టి పక్కన నిలబడింది.

కుర్చీ దగ్గరగా లాక్కుని చెప్పాను. "వార్డెను పని వద్దని చెప్పేశాను. ఇంక ఎక్కడికీ వెళ్ళను." (ఇంకా చెప్పలేదు. రేపు చెబుదామనే.)

"ఎందుకు సెప్పీసేవు?"

"మీ కోసం."

సిస్టరు మొహం చూశాను. పాదరసం ఎక్కుతోంది.

"నానడిగేనేటి?" అన్నాడు. మందు మత్తులో మాటలు ఒక్కొక్కటే వస్తున్నాయి. "ఎళ్ళు పార్వతీ. కోపంతో అంటన్నాననుకోకు. కోపం రానివ్వకూడదన్నారు. నువ్వా కుర్సీలో కూకుని సూస్తంటే నాకు పరీచ్చ రాస్తన్నట్టుంటాది. మూలిగితే ఎక్కువ మూలిగేనేటో, మూలక్కపోతే తగ్గిపోయిందనుకుంటావేటో. ఇరవయ్యేళ్ళయ్యింది, ఒక్కపాలీ పాసు మార్కు రాలేదు. రోగం కూడా నీ ముందర సరిగ్గా సెయ్యలేకపోతన్నాను."

"మరి వాల్తేరుకి టెలిగ్రాం ఎందుకిచ్చారు? పాతపట్నం నుంచి ఎందుకు రప్పించారు?"

"ఈపాలి పాసవుతానేమోనని."

సిస్టరు నా భుజం మీద చెయ్యి వేసి లేవమంది. నేను గుమ్మం దాటకముందే మళ్ళీ ఆ కేక. వీపు కాదు, ఇంకా కిందకి, నడుం దాకా. జగన్నాధం పరుగెత్తుకొచ్చాడు. వరండాలో బెంచీ మీద వదినా నేనూ పక్కపక్కన కూచున్నాం. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

బతికాడు. "చిరుగు ఇంకాస్త పాకింది. ఇంకొకసారి ఇలాగైతే నేను చెయ్యగలిగింది లేదు" అన్నాడు డాక్టరు. నా వైపు చూడకుండా అన్నాడు.

ఫిబ్రవరి 21, బుధవారం

పాదరసం ఎక్కిందని చెబుతుంది. ఎందుకెక్కిందో చెప్పదు. భయంతో ఎక్కుతుంది, కోపంతో ఎక్కుతుంది. ఇంకోదానితోనూ ఎక్కుతుందని పాఠాల్లో ఉంది. నేను ఏ చదువు చదివానో, దాంతో ఇంతకన్నా తేలదు. పోనీ వదిననడుగుదామా?

అడిగాను. సిగ్గు లేకుండా.

"వాడికి నువ్వంటే బయ్యం కాదే పిచ్చిదానా. ఇష్టమైనోళ్ళ ముందరే కదా మనిషికి సెమట్లు పట్టేది" అంది. తరవాత, "అయినా రెండూ ఒకటేలే, సావడానికి" అంది.

ఫిబ్రవరి 26, సోమవారం

వార్డెను పని వద్దని చెప్పలేదు. మంచిపనే అయింది.

మార్చి 1, శుక్రవారం. విజయనగరం.

చేరాను. గది బాగుంది. కిటికీలోంచి వంటిల్లు కనిపిస్తుంది. ఆడపిల్లలు నన్ను చూసి మాటలాపి లేచి నిలబడ్డారు. కూచోండి అన్నా నిలబడే ఉన్నారు.

విశాఖ నుంచి బయల్దేరేటప్పుడు గదిలోకి వెళ్ళలేదు. వెళ్ళకూడదు. తెర దాకా వెళ్ళాను, చెప్పులు చేత్తో పట్టుకుని. నిద్రపోతున్నాడు. నోరు తెరుచుకుని, అసహ్యంగా. చాలాసేపు చూశాను. మార్కులు వెయ్యలేదు. వేశానేమో. అలవాటు.

మార్చి 6, బుధవారం

కాలేజీ ఆఫీసుకి ట్రంకాల్ వచ్చింది. జగన్నాధంగారే చేశారు. గొంతులో మొదటిసారి ఉత్సాహం విన్నాను. పాదరసం ఆయన కోరిన చోటికి దిగిందట. దిగి నిలబడిందట, నేను వచ్చేసిన మర్నాటి నుంచి. కిందటి ఎక్స్‌రే కన్నా నీడ పెరగలేదు. ఎడమచేతిలో సన్నగా నాడి తెలుస్తోందట. ఈ నెలాఖరుకి ఇంటికి పంపుతారు. మందు జన్మంతా వాడాలి, జాగ్రత్తలన్నీ జన్మంతా పాటించాలి.

"అన్నీనా?" అన్నాను.

"మీరు అర్థం చేసుకుంటారని తెలుసమ్మా" అన్నారు.

ఆఫీసులో గుమస్తాలందరూ నా మొహం చూస్తున్నారు. కులాసాగా ఉన్నారని చెప్పాను. ఒకావిడ, "మీ తాళిబొట్టు గట్టిదమ్మా" అంది. ఎంత చచ్చు మాట. థాంక్సన్నాను.

పెట్టె ఇంకా పూర్తిగా విప్పలేదు. ఇవాళ విప్పి చీరలన్నీ బీరువాలో సర్దాను. నేనిక్కడ ఉన్నన్నాళ్ళూ ఆయన బతుకుతారు.